"దొంగలు పడ్డారు" అంటే ఇంగ్లీషులో ఏం రాయాలి?

మన వైపు ఇంట్లో సొమ్ము పోతే వచ్చే మొదటి మాట "దొంగలు పడిపోనారు". తాళం విరగ్గొట్టి పట్టుకెళ్లినా అదే మాట, రోడ్డు మీద కత్తి చూపించి లాక్కున్నా అదే, నమ్మి తాళాలిచ్చిన గుమస్తా గల్లాపెట్టె ఖాళీ చేసినా అదే. తెలుగులో అంతకంటే అక్కర్లేదు. వినేవాళ్లు ఎదురుగానే ఉంటారు, "ఏటైంది, ఎలా పోయింది?" అని అడుగుతారు, మనం చెబుతాం. ఇంగ్లీషు కాగితం మాత్రం మన చేతిలోంచి వెళ్లిపోయి విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఎవరి బల్ల మీదో పడుతుంది. అక్కడ మనల్ని అడిగేవాళ్లుండరు. రాసిన మాటే కథంతా చెప్పాలి.

శ్రీకాకుళంలో కోర్టుకు దగ్గర్లో నేను టైపింగ్, అనువాదం పని చేస్తాను. ఎఫ్‌ఐఆర్‌లకు ఇంగ్లీషు అనువాదం, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌తో జతచేసే లెటర్లు, గల్ఫ్‌కు వెళ్లే పిల్లల ఫారాలు, ఇవే రోజూ చేతిలో ఉండే పనులు. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలకైనా, కానిస్టేబుల్, ఎస్సై పరీక్షలకు చదువుతూ డౌట్లు అడగడానికి వచ్చే పిల్లలకైనా నేను చెప్పేది ఒకటే. మాట కోసం డిక్షనరీ తెరవకముందు మనిషిని కథ అడగండి. సొమ్ము ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎలా వెళ్లిందో తెలిస్తే, ఏ మాట రాయాలో తేలిపోతుంది.

ఆ కథలో ముందు పట్టుకోవాల్సింది ఇది: సొమ్ము మీకు తెలియకుండా పోయిందా, భయపెట్టి తీసుకున్నారా, అబద్ధం చెబితే నమ్మి మీ చేత్తో మీరే ఇచ్చారా, లేక ముందే నమ్మి అప్పజెప్పినదాన్ని మింగేశారా? తెలియకుండా తీసేవాడు థీఫ్. భయపెట్టేవాడు రాబర్ గానీ ఎక్స్‌టార్షనిస్ట్ గానీ అవుతాడు. అబద్ధంతో తీసుకునేవాడు చీట్. అప్పజెప్పింది మింగేవాడు ఎంబెజ్లర్. మీకు కనిపించే మిగతా పేర్లలో చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

థీఫ్, అతని దగ్గరి చుట్టాలు

థీఫ్ అన్నిటికంటే వెడల్పైన మాట. ఏమీ తేలనప్పుడు ఇది రాస్తే తప్పు కాదు, కానీ కథ తెలిసి కూడా ఇక్కడే ఆగిపోతే అన్యాయం. మన చట్టంలో దొంగతనం అంటే కదిలే వస్తువును, యజమాని ఒప్పుకోకుండా, దురుద్దేశంతో, ఉన్న చోటు నుంచి కదిలించడం. 1860 నాటి ఐపీసీలో, అంటే పాత శిక్షాస్మృతిలో, ఇది 378వ సెక్షన్. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 303. చట్టంలో ఇచ్చిన ఉదాహరణలు చదివితే విషయం బాగా బుర్రకెక్కుతుంది. ఒకడు జేబులో ఎర పెట్టుకుని పక్కవాడి కుక్కను కాజేద్దామని వెంట తిప్పుకున్నాడట. కుక్క అతని వెనక నడవడం మొదలుపెట్టిన క్షణానికే దొంగతనం పూర్తయినట్టు. గేటు దాటాల్సిన పని లేదు. అలాగే చెట్టు భూమిలో పాతుకుని ఉన్నంతవరకు దొంగతనం మాట దానికి అతకదు, నరికి భూమి నుంచి వేరు చేశాక అతుకుతుంది. పలాస, కాశీబుగ్గ వైపు తోటల తగాదా కాగితాలు వచ్చినప్పుడు ఈ తేడా నాకు ఎప్పుడూ పనికొస్తుంది. "చెట్టు దొంగిలించాడు" అని రాయకుండా, కొట్టి దుంగలు పట్టుకెళ్లాడని రాస్తాను.

రథసప్తమికి అరసవిల్లిలో, సిరిమానోత్సవానికి విజయనగరంలో జనం ఎంతమంది వస్తారో మనకు తెలుసు. ఆ రద్దీలో జేబు కొట్టేవాణ్ణి మనం పిక్‌పాకెటర్ అంటాం. ఇంగ్లీషులో మనిషి పేరే పిక్‌పాకెట్, చివర ఇంకేమీ తగిలించక్కర్లేదు. పరీక్షలో ఇది తరచూ తప్పుపోతుంది. కొనడానికి వచ్చినట్టు వచ్చి షాపులో వస్తువు దాచుకుని వెళ్లేవాడు షాప్‌లిఫ్టర్. షాపు తెరిచి ఉండాలి, అతను కస్టమర్‌లా కనిపించాలి. అర్ధరాత్రి అదే షాపులోకి షట్టర్ లేపి దూరితే ఈ మాట పనికిరాదు.

క్రియాపదాల దగ్గర మనవాళ్లు ఎక్కువ జారిపడతారు. స్టీల్ అనే క్రియకు కర్మ వస్తువు: గొలుసు, బండి, డబ్బు. రాబ్ అనే క్రియకు కర్మ మనిషి లేదా చోటు: నన్ను రాబ్ చేశారు, బ్యాంకును రాబ్ చేశారు. "మై చైన్ వాజ్ రాబ్డ్" అని రాసినవి నేను లెక్కలేనన్ని దిద్దాను. ఐ వాజ్ రాబ్డ్, మై చైన్ వాజ్ స్టోలెన్ అనాలి. బర్‌గిల్‌కు కర్మ ఇల్లు.

గొలుసు మాటొచ్చింది కాబట్టి స్నాచర్ సంగతి ఇక్కడే చెబుతాను. పాత ఐపీసీలో స్నాచింగ్‌కు విడిగా సెక్షన్ లేదు. బైక్ మీద వచ్చి మెడలో పుస్తెలతాడు తెంపుకుపోతే, గాయమైందో లేదో, బలం ఎంత వాడారో చూసి కొన్నిచోట్ల దొంగతనం, కొన్నిచోట్ల దోపిడీ సెక్షన్ పెట్టేవారు. కొత్త సంహితలో 304వ సెక్షన్ దీనికోసమే వచ్చింది. హఠాత్తుగా గానీ, వేగంగా గానీ, బలవంతంగా గానీ మనిషి దగ్గర నుంచి లాక్కుంటే స్నాచింగ్, మూడేళ్ల వరకు జైలు. అందుకని ఇప్పటి ఎఫ్‌ఐఆర్‌లో 304 కనిపిస్తే థెఫ్ట్ అనో రాబరీ అనో మార్చకుండా స్నాచింగ్ అనే రాయండి. అదే తెంపుడులో ఆమెను కింద పడేసి గాయపరిస్తే కథ రాబరీ వైపు వెళ్లింది. అప్పుడు సెక్షన్ కూడా వేరే ఉంటుంది, చూసుకోండి.

బర్‌గ్లర్: తాళం గురించి అడగండి

నా అనుభవంలో డబ్బు ఎక్కువగా ముడిపడి ఉన్న మాట ఇదే. బర్‌గ్లర్ అంటే దొంగిలించాలనో ఇంకో నేరం చేయాలనో కట్టడంలోకి అక్రమంగా దూరినవాడు. మన తెలుగులో దీనికి అచ్చమైన మాట ఉంది, కన్నపు దొంగ. మట్టిగోడలకు కన్నం వేసే రోజుల మాట అది. ఇప్పుడు గోడలు సిమెంటువి అయ్యాయి, గడ్డపార తాళాల మీదికి వచ్చింది.

మన శిక్షాస్మృతిలో బర్‌గ్లరీ అనే పేరుతో నేరం లేదు. హౌస్ ట్రెస్‌పాస్, హౌస్ బ్రేకింగ్ ఉంటాయి. స్టేషన్‌లో విన్నవాళ్లకు "హెచ్‌బీ బై నైట్", "హెచ్‌బీ బై డే" అనే మాటలు అలవాటే. హెచ్‌బీ అంటే హౌస్ బ్రేకింగ్. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు జరిగితే అది రాత్రి నేరం, శిక్ష పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో పూర్వం రాత్రి జరిగితేనే బర్‌గ్లరీ. 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ తర్వాత అక్కడ పగలూ రాత్రీ తేడా పోయింది, పగలగొట్టాలన్న నిబంధన కూడా పోయింది. లోపలికి రావడానికి హక్కు లేకుండా, దొంగిలించే ఉద్దేశంతో వస్తే చాలు.

పగలగొట్టకపోయినా మన చట్టంలో హౌస్ బ్రేకింగ్ అవుతుందా అని పిల్లలు అడుగుతారు. అవుతుంది. గోడ దూకి లోపలికి రావడం, కిటికీలోంచి దూరడం, దారి కాని దారిన రావడం, తాళం తెరిచి రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మీ ఇంటి తాళంచెవి పోయి ఎవడికో దొరికి, దాంతో తలుపు తీసి లోపలికొచ్చినా హౌస్ బ్రేకింగేనని చట్టంలోనే ఉదాహరణ ఉంది. మన ఊళ్లలో ద్వారబంధం పైన, మీటరు బాక్సు వెనక తాళంచెవి పెట్టి పొలానికి వెళ్లే అలవాటు ఇంకా ఉంది కదా. ఆ తాళంచెవితో తలుపు తీసి బీరువా ఖాళీ చేస్తే పోలీసులు హెచ్‌బీ కిందే తీసుకుంటారు. కానీ అదే కథ ఇన్సూరెన్స్ దగ్గర వేరేగా నడుస్తుంది. బర్‌గ్లరీ పాలసీల్లో మామూలుగా ఉండే షరతు ఏమిటంటే, బలప్రయోగంతో, పగలగొట్టుకుని లోపలికి వచ్చి ఉండాలి లేదా అలా బయటకు పోయి ఉండాలి. పాలసీలో బర్‌గ్లరీకి అలా అర్థం చెప్పి ఉంటే, బలప్రయోగం లేని మామూలు దొంగతనం దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది.

నరసన్నపేట వైపు నుంచి ఒక కిరాణా వ్యాపారి క్లెయిమ్ లెటర్ కోసం వచ్చారు. ముందు ఇంకెక్కడో రాయించుకున్న కాగితం తెచ్చారు. అందులో ఉన్నదంతా "థెఫ్ట్ టుక్ ప్లేస్ ఇన్ మై షాప్" అనే ఒక వాక్యం, కింద పోయిన సరుకు లెక్క. "తాళాలు ఏమయ్యాయి?" అని అడిగాను. "ఏటుందమ్మా, రెండు తాళాలూ ఇరగ్గొట్టి కాలవలో పడేసినారు. షట్టరు కింద గడ్డపార పెట్టి లేపేసినారు, ఒక పక్క వంగిపోయింది" అన్నారు. ఫోన్‌లో ఫొటోలు కూడా ఉన్నాయి: వంగిన షట్టరు అంచు, ఊడిపోయిన గొళ్ళెం, నేల మీద గడ్డపార గీసిన గాట్లు. ఇన్ని సాక్ష్యాలుండి లెటర్‌లో ఒక్కటీ లేదు. మళ్లీ రాశాం. మొదటి వాక్యంలో బర్‌గ్లరీ, రెండో వాక్యంలో తాళాలు ఎలా విరిగాయి, షట్టరు ఎంత మేర వంగింది, మూడో వాక్యంలో పోలీసులు పంచనామాలో ఏం రాశారు. తర్వాతే సరుకు లెక్క.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. తాళం విరగనిదే విరిగిందని రాయకూడదు, ఎవరు బతిమాలినా సరే. పంచనామా, లెటర్ ఒకదానితో ఒకటి కలవకపోతే నిజంగా నష్టపోయిన మనిషే అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు. తాళంచెవితో తీశారంటే అలాగే రాయండి. ఏ పేరు పెట్టాలో సందేహంగా ఉన్నప్పుడు పేరు కంటే జరిగిన తీరు రాయడం మేలు.

రాబర్, డెకాయిట్

రాబరీలో మనిషి ఎదురుగా ఉంటాడు. దొంగతనం చేయడానికో, సొమ్ముతో పారిపోవడానికో గాయపరిచినా, కదలకుండా అడ్డుకున్నా, ఇప్పటికిప్పుడు చంపుతానని గానీ కొడతానని గానీ భయపెట్టినా అది రాబరీ. అంటే దొంగతనంగా మొదలైంది కూడా మధ్యలో రాబరీగా మారవచ్చు. ఒకడు రాత్రి పాకలోంచి మేకను విప్పుకుపోతున్నాడు. ఇంటావిడ లేచి పలుపుతాడు పట్టుకుంది. ఆమెను తోసేసి మేకతో పరిగెడితే రాబర్ అయ్యాడు. మేకను అక్కడే వదిలేసి, తాను దొరక్కుండా ఉండడానికి ఆమెను తోసి పారిపోతే దొంగతనం, గాయపరచడం రెండూ ఉన్నాయి గానీ రాబరీ కాదు. ఆ బలం సొమ్ము కోసం వాడాడా, తన ఒళ్లు తప్పించుకోవడానికి వాడాడా అన్నది చూడాలి. ఫిర్యాదు అనువదించేటప్పుడు "తోసేశాడు" అన్న మాట ఎక్కడ వచ్చిందో, అప్పటికి మేక ఎవరి చేతిలో ఉందో తెలుగులో ఉన్న వరసలోనే రాయండి. వాక్యాలు అటూ ఇటూ అయితే నేరమే మారిపోతుంది.

మగ్గర్ అనేది బ్రిటన్, అమెరికా పత్రికల మాట. వీధిలో ఒంటరి మనిషి మీద పడి పర్సో ఫోనో దోచుకునేవాడు. మన కాగితాల్లో దాని అవసరం రాదు, పరీక్షలో వస్తే ఈ అర్థం గుర్తుపెట్టుకోండి.

డెకాయిట్‌కు లెక్క ఉంది. ఐదుగురు, లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి రాబరీ చేస్తే డెకాయిటీ. ఐపీసీలో 391, ఇప్పుడు 310. నలుగురైతే ఎన్ని కత్తులున్నా రాబరీయే. లెక్కలోకి ఇంట్లో దూరినవాళ్లే కాదు, అక్కడే ఉండి సాయపడినవాళ్లూ వస్తారు. వీధి చివర ఆటో స్టార్ట్ చేసి కాపలా కాసినవాడు ఐదోవాడైతే అందరూ డెకాయిట్లే. చాలా నేరాలకు సిద్ధపడటం మాత్రమే శిక్షకు చాలదు గానీ, డెకాయిటీకి సిద్ధపడటం కూడా నేరమే. "దోపిడీకి పథకం వేస్తుండగా పట్టుబడ్డారు" అని పేపర్లో చదివే వార్తల వెనక ఉన్నది ఇదే. తెలుగు పేపర్లు రెండింటికీ దోపిడీ అనే రాస్తుంటాయి కాబట్టి సంఖ్య చూసుకోకుండా అనువదించకండి. తెలుగులో విడిగా చెప్పాలంటే బందిపోటు ఉంది.

డెకాయిట్ మన హిందీ డాకూ, డకైత్‌ల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. థగ్, లూట్ కూడా హిందీ నుంచి వెళ్లినవే. ఇండియా బయట చదివేవాళ్లకు డెకాయిట్ అంటే వెంటనే తెలియకపోవచ్చు. విదేశానికి పంపే కాగితమైతే డెకాయిటీ అని రాసి, పక్కన రాబరీ బై ఎ గ్యాంగ్ ఆఫ్ ఫైవ్ ఆర్ మోర్ అని వివరించండి. రౌడీషీటర్ కూడా అంతే. ఇంగ్లీషులో రౌడీ అంటే అల్లరి చేసే మనిషి, గోలగా ఉండే గుంపు. మన రౌడీకున్న బరువు ఆ మాటకు లేదు. పోలీసులు నిఘా కోసం స్టేషన్‌లో షీటు తెరిచిన వ్యక్తి అని ఒక వాక్యంలో చెప్పాలి.

భయపెట్టి మీ చేతే ఇప్పించుకునేవాళ్లు

ఎక్స్‌టార్షన్‌లో సొమ్ము మీరే ఇస్తారు, కానీ భయంతో. "వారంలో లక్ష ఇవ్వకపోతే నీ షాపు ఉండదు" అనడం ఎక్స్‌టార్షన్. కత్తి మెడ మీద పెట్టి "ఇప్పుడే తియ్" అంటే, మనిషి ఎదురుగా ఉండి ఆ క్షణానికి ప్రాణభయం పెట్టాడు కాబట్టి రాబరీ అవుతుంది. బెదిరింపు రేపటిదా, ఈ నిమిషానిదా చూసుకోండి. మీ రహస్యం, మీ ఫొటో బయటపెడతానని అడిగేవాడు బ్లాక్‌మెయిలర్. వాడూ ఒక రకం ఎక్స్‌టార్షనిస్టే.

ఈ మధ్య నా బల్ల దగ్గరికి వచ్చే కథల్లో నాకు బాగా బాధ కలిగించేది డిజిటల్ అరెస్ట్. రిటైరైన పెద్దవాళ్లకు వీడియో కాల్ వస్తుంది, యూనిఫారం వేసుకున్న మనిషి కనిపిస్తాడు, మీ ఆధార్ మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయంటాడు, కెమెరా ముందు నుంచి కదలొద్దంటాడు, డబ్బు పంపేదాకా వదలడు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఇలా జరిగితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, కాగితం సంగతి తర్వాత. కాగితం రాసేటప్పుడు ఒక్క మాట చాలదు. పోలీసునని చెప్పుకున్నాడు కాబట్టి ఇంపోస్టర్, భయపెట్టి తీసుకున్నాడు కాబట్టి ఎక్స్‌టార్షన్, అబద్ధంతో ఇప్పించాడు కాబట్టి చీటింగ్. మూడూ ఉన్నాయని మూడు వాక్యాల్లో రాయండి. "సైబర్ థెఫ్ట్" అని తేల్చేయకండి, ఆ పెద్దాయన పడ్డ భయమంతా ఆ రెండు ముక్కల్లో మాయమైపోతుంది.

చీట్, ఎంబెజ్లర్

ఫోర్ ట్వంటీ అనే తిట్టు ఐపీసీ 420 నుంచి వచ్చింది. ఇప్పుడది 318(4), తిట్టు మాత్రం అలాగే నిలిచింది. మోసం చేసేవాణ్ణి ఇంగ్లీషులో చీట్ అనవచ్చు. చీటర్ కూడా వాడుకలో ఉన్నదే గానీ ఆటలో, పరీక్షలో మోసం చేసేవాడికి ఎక్కువగా వాడతారు. డబ్బు విషయంలో ఫ్రాడ్‌స్టర్, స్విండ్లర్ సరిగ్గా ఉంటాయి. కాన్ మ్యాన్ అంటే ముందు మన నమ్మకం సంపాదించి తర్వాత ముంచేవాడు.

ఎంబెజ్లర్‌కు ముందుగా అప్పగింత ఉండాలి. డ్వాక్రా సంఘం సభ్యులు నెలనెలా కట్టిన వాయిదాలు బ్యాంకులో జమ చేయమని ఒకరి చేతికిస్తే, ఆ మనిషి జమ చేయకుండా వాడుకుంటే అది ఎంబెజిల్‌మెంట్. చట్టం పేరు క్రిమినల్ బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్, సంహితలో 316. డబ్బు ఆ చేతికి సక్రమంగానే వెళ్లింది, తర్వాత దారి తప్పింది. చీట్ విషయంలో మొదటి రోజు నుంచే మోసబుద్ధి ఉంటుంది. ఒకే సొమ్ము విషయంలో రెండూ ఒకేసారి ఉండవని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. అందుకే చీటీ పాటల ఫిర్యాదు వచ్చినప్పుడు నేను తేదీలు అడుగుతాను. ఎన్ని నెలలు పాట సరిగ్గా నడిచింది? పాడుకున్నవాళ్లకు మొదట్లో డబ్బు అందిందా? మొదటి నెల నుంచే లేని సభ్యుల పేర్లు రాసి వసూలు చేశారా? ఫలానా సెక్షన్ పెట్టమని చెప్పడం నా పని కాదు, లాయరుగారిది. కానీ ఆ తేదీలన్నీ కాగితంలో ఉంటే లాయరుగారి పని సులువవుతుంది.

తెలుగు "దొంగ" అన్నిచోట్లా థీఫ్ కాదు

కొత్తగా అనువాదం మొదలుపెట్టినవాళ్లను ఈ మాట బాగా ఇబ్బంది పెడుతుంది. మన దొంగ విశేషణంగా వచ్చినప్పుడు నకిలీ అని అర్థం. దొంగ సంతకం పెట్టినవాడు ఫోర్జర్. దొంగ నోట్లు అచ్చువేసేవాడు కౌంటర్‌ఫీటర్. ఫోర్జర్ కాగితాలు, సంతకాలు సృష్టిస్తాడు, కౌంటర్‌ఫీటర్ కరెన్సీ, నాణేలు, కంపెనీ సరుకుల నకళ్లు చేస్తాడు. కోర్టులో ప్రమాణం చేసి దొంగ సాక్ష్యం చెప్పినవాడు పెర్జురర్. దొంగ డాక్టరు క్వాక్ లేదా ఇంపోస్టర్. దొంగసారా కాసి అమ్మేవాడు బూట్‌లెగ్గర్. ఒడిశా సరిహద్దు దగ్గరున్న మన మండలాల ఎఫ్‌ఐఆర్‌లలో ఇది తరచూ వస్తుంది. వీటిలో ఎక్కడా థీఫ్ లేడు.

దొంగ రవాణా దగ్గర ఇంకొంచెం ఆగాలి. స్మగ్లర్ సరిహద్దు దాటించి, సుంకం ఎగ్గొట్టి గానీ నిషేధం తప్పించుకుని గానీ సరుకు తెచ్చేవాడు. ట్రాఫికర్ మత్తుమందులతో గానీ మనుషులతో గానీ అక్రమ వ్యాపారం చేసేవాడు. వీధిలో చిన్న పొట్లాలు అమ్మేవాడు పెడ్లర్. మనుషుల విషయంలో ఈ తేడా ప్రాణాలతో సమానం. డబ్బు తీసుకుని, ఆ మనిషి ఇష్టంతోనే, దొంగదారిన సరిహద్దు దాటిస్తే స్మగ్లింగ్. మాయమాటలతోనో బలవంతంగానో తీసుకెళ్లి అక్కడ పని కోసమో మరి దేనికోసమో పీడిస్తే ట్రాఫికింగ్, వెళ్లిన మనిషి అప్పుడు బాధితుడు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కాంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టు లాక్కుని, సైబర్ మోసాలు చేయించిన కథలు మన ఉత్తరాంధ్ర ఇళ్లలో విన్నవే. ఆ పిల్లాడి తండ్రి తరఫున ఎంబసీకి రాసే లెటర్‌లో ఏజెంటును చీట్ అని మాత్రమే రాస్తే అది డబ్బు తగాదాలా కనిపిస్తుంది. పాస్‌పోర్టు లాక్కున్నారు, బయటకు పోనివ్వలేదు అని రాసి ట్రాఫికింగ్ అనే మాట వాడండి. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో కూడా ఒక వాక్యం చేర్చండి.

ప్రాణం పోయిన కేసుల్లో

వీటి గురించి క్లుప్తంగా చెబుతాను. కిల్లర్ ఎవరైనా కావచ్చు. మర్డరర్ అంటే చట్టం నిర్వచించిన హత్య చేసినవాడు. అసాసిన్ అంటే రాజకీయ కారణంతోనో కిరాయికో, పేరున్న మనిషిని చంపినవాడు. హైవే మీద లారీ గుద్ది మనిషి చనిపోతే డ్రైవర్‌ను మర్డరర్ అని ఏ కోపంలోనూ రాయకండి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోవడానికి విడిగా సెక్షన్ ఉంది, ఐపీసీలో 304ఏ, ఇప్పుడు 106. కిడ్నాప్, అబ్డక్షన్ కూడా ఒకటి కావు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని సంరక్షకుల అనుమతి లేకుండా తీసుకెళ్తే, ఆ పిల్లలు ఇష్టపడి వెళ్లినా కిడ్నాపే. బలవంతంగా లేదా మోసగించి ఎవరిని తీసుకెళ్లినా అబ్డక్షన్.

అక్యూజ్డ్, కన్విక్ట్: ఇక్కడ తప్పు రాస్తే బతుకు మీదికి వస్తుంది

పోలీసులు అనుమానించినవాడు సస్పెక్ట్. కేసులో పేరున్నవాడు అక్యూజ్డ్, మన భాషలో నిందితుడు, ఏ1, ఏ2. కోర్టు నేరం రుజువైందని తీర్పిచ్చాకే కన్విక్ట్, అంటే దోషి. కల్‌ప్రిట్ అంటే నేరం చేసినవాడని తేల్చేసే మాట కాబట్టి తీర్పుకు ముందు రాయడం సరికాదు. అంపోలు జిల్లా జైల్లో విచారణ కోసం ఎదురుచూస్తున్న మనిషి అండర్‌ట్రయల్, కన్విక్ట్ కాదు. అతని భార్య ఏదైనా దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె ముందే "క్రిమినల్" అని టైపు చేసే అలవాటు ఎవరికైనా ఉంటే మానుకోవాలి. అది తప్పు, క్రూరం కూడా.

కులం పేరునో ఊరి పేరునో దొంగకు పర్యాయపదంగా వాడటం కూడా అలాంటిదే. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి కొన్ని జాతుల మనుషుల్ని పుట్టుకతోనే నేరస్థులన్నారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. 1952లో రద్దు చేశారు. చట్టం పోయినా "స్టూవర్టుపురం దొంగలు" లాంటి మాటలు ఇప్పటికీ నోళ్లలో నానుతున్నాయి. ఫిర్యాదుదారు అలా చెబితే నేను అతను చూసిన మనిషి ఆనవాళ్లు అడిగి రాస్తాను: ఎత్తు, బట్టలు, మాట తీరు. ఊరి పేరు రాయను.

పాస్‌పోర్టు ఫారంలో ఈ తేడా ఎంత ముఖ్యమో చూడండి. 1967 పాస్‌పోర్టు చట్టంలోని 6(2) సెక్షన్‌లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. గత అయిదేళ్లలో నైతిక పతనానికి సంబంధించిన నేరంలో దోషిగా తేలి రెండేళ్లకు తగ్గకుండా జైలుశిక్ష పడటం ఒకటి. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తూ ఉండటం ఇంకొకటి. పక్కింటివాళ్లతో గట్టు తగాదాలో పేరున్న పిల్లాడు కన్విక్టెడ్ అన్న ప్రశ్నకు యెస్ పెట్టేస్తాడు, భయపడి. ఇంకొకడు కేసు కోర్టులో నడుస్తున్నా అన్నిటికీ నో పెడతాడు. రెండూ ప్రమాదమే. ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉండి కోర్టు ఇంకా కేసును విచారణకు స్వీకరించకపోతే దాన్ని పెండింగ్ ప్రొసీడింగ్స్‌గా చూడరు. కోర్టు స్వీకరించి ఉంటే, ఆ కోర్టు నుంచే అనుమతి తెచ్చుకుని పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకునే దారి 1993 నోటిఫికేషన్‌లో ఉంది. కాబట్టి ఫారం నింపడానికి కూర్చునే ముందు కేసు నంబరు అడగండి. ఎఫ్‌ఐఆర్ నంబరు మాత్రమే చెబితే స్టేషన్‌లో, సీసీ నంబరు (కోర్టు కేసుకిచ్చే నంబరు) చెబితే ఈ-కోర్ట్స్ సైట్‌లో కేసు ఏ దశలో ఉందో చూసుకుని, ప్రింటవుట్ తీసి ఫైల్లో పెట్టి, అప్పుడే యెస్ గానీ నో గానీ టిక్కు పెట్టండి.